గాలి ముందా, పెట్టె ముందా?

పాఠకుల ప్రశ్నలు, ఆటల పిన్ని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆట గురించి ఉన్నాయి. దాని పేరు 'డేవ్ ద డైవర్'. అందుకని మిగతా ఆటల ఉత్తరాలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. దక్షిణ కొరియా కంపెనీ నెక్సాన్‌కి చెందిన మింట్‌రాకెట్ బృందం దీన్ని తయారుచేసింది. 2022 అక్టోబరులో ఇంకా పని మిగిలి ఉండగానే జనానికి ఆడటానికి ఇచ్చి, 2023 జూన్‌లో పూర్తి ఆట విడుదల చేశారు. డేవ్ అనే బొద్దుగా ఉండే మనిషి పగలు 'బ్లూ హోల్' అనే లోతైన సముద్రపు గుంటలోకి దూకి చేపలు పడతాడు. రాత్రి అదే చేపలతో సుషీ హోటల్లో వడ్డన చేస్తాడు. వంట చేసేది బాంచో అనే పెద్దమనిషి, ఎక్కువ మాట్లాడడు. హోటల్లో వచ్చిన డబ్బుతో డేవ్ తన సామాను (గాలి సిలిండర్, లోతు నీళ్లకి తట్టుకునే సూటు, పట్టినవి వేసుకునే పెట్టె, చేపని పొడిచి లాగే హార్పూన్) బాగుచేసుకుంటాడు, ఇంకా లోతుకి దిగుతాడు, ఇంకా ఖరీదైన చేప తెస్తాడు.

నేను కాకినాడలో ఒక భోజనాల హోటల్‌కి 22 ఏళ్లు పద్దులు రాశాను. మా అబ్బాయి వదిలేసి వెళ్లిన మెషీన్‌లో ఈ ఆట మొదలుపెట్టిన రోజున, ఇదేదో నాకు తెలిసిన పనేనే అనిపించింది. ఆ ధైర్యంతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వచ్చిన డబ్బంతా, దొరికిన సామానంతా తుపాకులకే పెట్టాను. అయినా ప్రతి రెండు దూకుళ్లకి ఒకసారి చచ్చిపోతున్నాను. పట్టిన చేపలన్నీ పోయి ఒక్క వస్తువు మాత్రమే మిగులుతోంది. ముందు ఏది పెంచాలి? గాలి సిలిండరా, సూటా, పెట్టా, హార్పూనా?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: బాబూ, నువ్వు అడిగిన వరసలో తుపాకి లేదు, గమనించావా? నీ మనసుకి జవాబు సగం తెలుసన్నమాట.

నేనూ మొదట్లో ఇలాగే నష్టపోయాను. అప్పుడు పాత అలవాటు కొద్దీ ఒక నోటుపుస్తకం తీశాను. హోటల్లో రోజువారీ రాసేది చిట్టా, తర్వాత ఖాతాల వారీగా ఎక్కించేది ఆవర్జా. ఆటలో ఏడు రోజులకి చిట్టా రాశాను. రోజుకి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మొత్తం 14 దూకుళ్లు. ప్రతిదానికీ ఒక్క మాటే రాశాను: ఎందుకు పైకి వచ్చాను? తిరిగి చూసుకుంటే ఎనిమిది సార్లు పెట్టె నిండిపోయి వచ్చాను, నాలుగు సార్లు గాలి తగ్గి వచ్చాను, రెండు సార్లు చచ్చాను. ఆ చచ్చిన రెండు సార్లూ పెట్టె నిండి ఉంది. అది చూశాక తుపాకి మాట మర్చిపోయాను.

ఎందుకో చెప్తాను. ఈ ఆటలో ప్రాణానికి వేరే లెక్క లేదు, గాలే ప్రాణం. సొర కొరికినా గాలి తగ్గుతుంది, ఊరికే నిలబడినా తగ్గుతుంది. పెట్టెలో బరువు పరిమితి దాటితే డేవ్ నడక మందగిస్తుంది. మెల్లగా ఈదితే పైకి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ గాలి కారుతూనే ఉంటుంది. వెనకనుంచి ఏదైనా తరుముకొస్తే తప్పించుకోలేడు కూడా. అంటే పెట్టె చిన్నదైతే దాని దెబ్బ చివరికి గాలి ఖాతాలోనే పడుతుంది. మా హోటల్లో ఫ్రిజ్ చిన్నదైనందుకు ఐసు ఖర్చు పెరిగేది. ఖర్చు రాసింది ఐసు పద్దులో, తప్పు మాత్రం ఫ్రిజ్‌ది.

అందుకని నా వరస ఇది. ఆటలోని ఫోనులో 'ఐడైవర్' అనే పేజీ ఉంటుంది, ఈ నాలుగూ అక్కడే డబ్బిచ్చి పెంచుకోవాలి. మొదటి డబ్బు గాలి సిలిండర్‌కి ఒక మెట్టు. వెంటనే పెట్టెకి రెండు మెట్లు. మళ్లీ గాలికి ఒకటి. ఆ తర్వాతే సూటు. చాలామంది సూటుకి తొందరపడతారు, ఎందుకంటే సూటు పెంచితేనే కింది నీళ్లలోకి దిగగలం, కొత్త చేపలు కనిపిస్తాయి. కానీ కిందికి వెళ్లడమంటే తిరిగి రావాల్సిన దారి కూడా పెరగడం. పై 50 మీటర్లలో ఉన్న నీలి చేపలూ చిలక చేపలూ పెట్టెకి సరిపడా పట్టి, క్షేమంగా రోజుకి రెండుసార్లు పైకి రాగలిగినవాడికి సూటు లాభం. రాలేనివాడికి సూటు కొంటే సమాధి ఇంకో నలభై మీటర్ల కింద కట్టుకున్నట్టే.

హార్పూన్ నాలుగోది. దాని దెబ్బ బలం పెరిగితే ఒక చేపకి రెండు మూడు పోట్లు వెయ్యక్కర్లేదు, ఆ సమయం గాలి ఖాతాలో మిగులుతుంది. ఇది కూడా త్వరలోనే అవసరమవుతుంది, కానీ మొదటి వారంలో కాదు.

ఇక తుపాకులు. డఫ్ అనే కుర్రాడు చేసిపెడతాడు, అవి పెంచడానికి నీళ్లలో దొరికే ముడిసరుకు కావాలి. నువ్వు ఇప్పుడు చేస్తున్నది, ఆ సరుకు మోయడానికి పెట్టెలో చేప బరువు తగ్గించుకోవడం. పైగా నీళ్లలో అక్కడక్కడా ఉండే పెట్టెల్లో తుపాకులు దొరుకుతూనే ఉంటాయి, ఆ దూకుడు అయ్యేదాకా వాడుకోవచ్చు, పైకొస్తే పోతాయి. అద్దె తుపాకి అనుకో. కొన్నాళ్లు అద్దెతో గడుపు.

ఇంకొకటి. నువ్వు చస్తున్నది ఎక్కడో చూసుకున్నావా? 'ఇంకొక్క చేప' దగ్గర. గాలి మూడో వంతుకి వచ్చిందంటే చేప ఎంత అందంగా కనిపించినా ముఖం తిప్పుకుని పైకి రా. కొన్ని చోట్ల తప్పించుకుపోయే యంత్రం దొరుకుతుంది, అది ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుంటే ఇంకాస్త ఆలస్యంగా ముఖం తిప్పుకోవచ్చు.

ప్రశ్న: అక్కా నమస్తే. నేను చేపలు బాగానే తెస్తున్నాను, సామాను కూడా పర్వాలేదు. కానీ హోటల్లో డబ్బు మిగలడం లేదు. రాత్రి కొట్టు మూసేసరికి చేసిన వంటలు పారబోయడమే సరిపోతోంది. మీ మాటల్లో చెప్పాలంటే చేప వచ్చే దారి ఉంది, డబ్బు వచ్చే దారి లేదు.
– ఒక గృహిణి, హైదరాబాద్ కూకట్‌పల్లి

జవాబు: అమ్మాయ్, ఈ ఉత్తరం చదివి నాకు మా సాంబారు గుర్తొచ్చింది.

మేము హోటల్ తెరిచిన మొదట్లో మా వంటాయన మధ్యాహ్నం పదకొండున్నరకే వంద మందికి సరిపడా అన్నీ దించేసేవాడు. అరవై మంది వచ్చేవారు. మిగిలిన నలభై మంది సాంబారు రాత్రికి రసంలోకి పోయేది, దాని రుచి పోయేది. మూడో నెల నష్టం చూసి మా యజమాని ఒక పని చేశాడు. పప్పు ఉడకబెట్టి ఉంచుకో, తాలింపు మాత్రం ముప్పై మందికే వెయ్యి, అయిపోయాక మళ్లీ వెయ్యి అన్నాడు. అంతే, నష్టం ఆగింది.

ఆటలో కూడా సరిగ్గా అదే సౌకర్యం ఉంది. మెనూలో ఒక్కో వంట పక్కన 'ఉన్నకొద్దీ నింపు' అనే అర్థం వచ్చే గుర్తు ఉంటుంది. అది నొక్కితే నువ్వు పెట్టిన వంటలు అయిపోయినప్పుడు మాత్రమే కొట్లోంచి చేప తీసి బాంచో మళ్లీ చేస్తాడు. అప్పుడు సాయంత్రం మెనూలో ఒక్కోటి ఒక్కటే పెట్టు, గుర్తు నొక్కు, వెళ్లి హోటల్‌కొచ్చినవాళ్లకి టీ పొయ్యి. మిగిలి పారబోసేది ఆ ఒక్కటే. ముందే పది చేసి పెట్టుకుంటే అమ్మకం కాని ప్రతిదీ మట్టిలోకే.

రెండోది, మెనూలో ఎన్ని రకాలు పెడుతున్నావు? ఉత్తరంలో ఆరో ఏడో రకాలు రాశావు, అన్నీ ఒకటో మెట్టు వంటలే. ఇది తప్పు. ఆటలో ఒక వంటని చేపలు ఖర్చుపెట్టి పది మెట్ల దాకా పెంచవచ్చు. మెట్టు పెరిగితే ధర పెరుగుతుంది. అదే చేప, అదే బరువు, అదే గాలి ఖర్చుతో పట్టింది. కానీ వచ్చే డబ్బు వేరు. నా అలవాటు, సులభంగా దొరికే చేపతో చేసేవి రెండు వంటలు ఎంచుకోవడం, మిగిలిన చేప మొత్తం రెండు రాత్రులు వాటిని పెంచడానికే ఖర్చుపెట్టడం. మొదటి రెండు రాత్రులు రాబడి తగ్గుతుంది, టెన్షన్ పడకు. పెట్టుబడి పెట్టిన రోజున చిట్టాలో నష్టం కనబడటం మామూలే.

మూడోది, క్యాలెండర్ చూడు. కొన్ని తేదీల్లో పార్టీలు ఉంటాయి, ఆ రోజు ఫలానా పదార్థంతో చేసిన వంటలకే గిరాకీ, ధరా. దోసకాయల పార్టీ, రొయ్యల పార్టీ, ట్యూనా పార్టీ అలా. మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. మా ఊళ్లో కార్తీక మాసం వస్తే చేప అమ్మకం పడిపోతుందని, అయిపోయిన మర్నాడు రేవులో ధర లేస్తుందని తెలియకుండా హోటల్ నడిపినవాడు ఎవడూ లేడు. నువ్వు మాత్రం క్యాలెండర్ తెరవకుండా సుషీ అమ్ముతున్నావు.

పనివాళ్ల గురించి అడగలేదు గానీ చెప్తాను. ముందు వంటింట్లోకి ఒక సహాయకుణ్ణి పెట్టు, వడ్డనకి తర్వాత. వడ్డన నీ చేత్తో నువ్వు చెయ్యగలవు, వంట చెయ్యలేవు. టీ కూడా నువ్వే పొయ్యి. గ్లాసు నిండేచోట సరిగ్గా ఆపితే చిల్లర బాగా వస్తుంది, పొంగిపోతే రాదు. నాకు మొదటి పది గ్లాసులూ పొంగాయి. నలభై ఏళ్లుగా ఇంట్లో కాఫీ పోసిన చెయ్యి ఇది.

ప్రశ్న: చేప పక్కన నక్షత్రాలు ఏమిటి పిన్నీ? నాకెప్పుడూ ఒకటే వస్తోంది.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: నువ్వు తుపాకీతో కాలుస్తున్నావు కన్నా. సాధారణంగా కాల్చి చంపితే ఒకటి, హార్పూన్‌తో లాగితే రెండు, ప్రాణంతో పడితే మూడు. నక్షత్రాలు పెరిగినకొద్దీ మాంసం ఎక్కువ వస్తుంది. వల విసిరే తుపాకీ, నిద్రపుచ్చే సూది తుపాకీ రెండూ డఫ్ దగ్గర ఉంటాయి. చేప నిద్రపోయాక తీసుకో. పైన తణుకు అన్నయ్యకి తుపాకులు వద్దన్నాను, ఈ రెండింటికి మినహాయింపు. పరీక్షలెప్పుడు?

ప్రశ్న: మేడమ్, సొర చేపని చంపగలుగుతున్నాను గానీ ఏం చెయ్యాలో తెలియడం లేదు. కత్తితో కోస్తే కొంచెమే వస్తుంది. అదికూడా బరువు ఎక్కువై పెట్టె నిండిపోతుంది. సొర దండగేనా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, భీమవరం

జవాబు: దండగ అనకండి సార్. మా కాకినాడలో సొర పుట్టు తినని బాలింత లేదు.

ఆటలో పెద్ద చేపలకి రెండు దారులు. కత్తితో కోసుకుంటే కొంత మాంసం చేతికొస్తుంది, అది మీ పెట్టె బరువులోకి వస్తుంది. లేదా డ్రోన్‌ని పిలిచి చేపని మొత్తంగా పైకి పంపిస్తే అంతా పడవలోకి చేరుతుంది, మీ పెట్టెకి బరువు ఉండదు. డ్రోన్లు ఒక దూకుడుకి ఇన్ని అని లెక్క ఉంటుంది, అది కూడా పెంచుకోవచ్చు. అసలు ఆ ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. రేవులో పెద్ద చేప పడితే ఏం చేస్తారు? మనిషి ఒక్కడే తట్టలో మొయ్యడు, కావిడి కడతారు, ఇద్దరు పడతారు. కావిళ్లు ఎన్ని ఉన్నాయో చూసుకుని పెద్ద చేప మీద చెయ్యి వేస్తారు.

కాబట్టి నీళ్లలోకి దిగేముందే అనుకోండి: ఇవాళ నా దగ్గర ఒక డ్రోన్ ఉంది, అది ట్యూనాకా, సొరకా? మొదట కనబడిన సొరని చంపేసి డ్రోన్ వాడేస్తే, ఇరవై మీటర్ల కింద పెద్ద ట్యూనా కనబడినప్పుడు బాధపడతారు. నాకు ఆ బాధ బాగా తెలుసు. ఒకసారి డ్రోన్ అయిపోయాక ట్యూనాని కోసి మాంసం పెట్టెలో వేసుకున్నాను, బరువు దాటింది. డేవ్ పాపం గర్భిణీ గేదెలా నడుస్తున్నాడు. గాలి పదుల్లోకి వచ్చింది. పైకి చేరడానికి ఇంకా పాతిక మీటర్లుండగా పోయాడు. ఒక్క వస్తువు ఉంచుకోమంది ఆట. ట్యూనా ముక్క ఉంచుకున్నాను. ఆ రాత్రి హోటల్లో ఎవరూ అది అడగలేదు.

ఒక పని చేస్తే మేలు. బరువు ఎక్కువ, ధర తక్కువ ఉన్న చేపల పేర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. అవి దారిలో కనబడినా ముట్టకండి. అదే సమయంలో నీటి అడుగున దొరికే ఉప్పు, సోయా సాస్, పంచదార లాంటి వాటిని మాత్రం వదలొద్దు. తేలికగా ఉంటాయి, అవి లేక కొన్ని మంచి వంటలు ఆగిపోతాయి. బ్యాంకులో పనిచేసేవారికి నేను చెప్పాలా, కిలోకి ఎంత వస్తుందన్నదే లెక్క, చేపకి ఎంతన్నది కాదు.

ప్రశ్న: మీరు గాలి గురించి ఇంత రాస్తారు గదా, నిజంగా డైవింగ్ చేసేవాళ్లకి కూడా ఇలాగే ఉంటుందా? బ్లూ హోల్ అనేది నిజంగా ఉందా? నేను డిగ్రీ ఫిజిక్స్ చెప్తాను. నా విద్యార్థులకి చూపించవచ్చేమో అని అడుగుతున్నాను.
– ఒక అధ్యాపకుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం కోసం ఒక సాయంత్రం అంతా లెక్కలు వేసుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ముందుగా ఒక సంగతి. ఆటలో ఆక్సిజన్ అంటారు గానీ మామూలుగా సరదా డైవింగ్ చేసేవాళ్ల సిలిండర్లో ఉండేది స్వచ్ఛమైన ఆక్సిజన్ కాదు, ఒత్తిడితో నింపిన గాలి. ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్ సుమారు 11 లీటర్లది, 200 బార్ ఒత్తిడి దాకా (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) నింపుతారు. అంటే నేల మీద పరుచుకుంటే 2,200 లీటర్ల గాలి. నీటిపైన ఒక మనిషి తేలిగ్గా కదులుతూ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. అప్పుడు దాదాపు 110 నిమిషాలు వస్తుంది.

ఇప్పుడు కిందికి దిగండి. ప్రతి 10 మీటర్లకీ ఒత్తిడి ఒక వాతావరణం (నేల మీది గాలి ఒత్తిడి అంత) పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 30 మీటర్ల దగ్గర నాలుగు. ఊపిరితిత్తి నిండాలంటే చుట్టూ ఉన్న ఒత్తిడికి సమానంగా గాలి రావాలి. అందుకని 30 మీటర్ల దగ్గర అదే మనిషి ఉపరితలం లెక్కన నిమిషానికి 80 లీటర్లు తాగేస్తాడు. ఇంకా, సిలిండర్లో 50 బార్ వరకు గాలి మిగిల్చి పైకి రావాలని చెబుతారు. అది తీసేస్తే వాడుకోగలిగేది 1,650 లీటర్లు. 30 మీటర్ల దగ్గర సుమారు 20 నిమిషాలు. 10 మీటర్ల దగ్గర సుమారు 41. ఆటలో కూడా సూటు పరిమితి దాటి లోతుకి పోతే గాలి త్వరగా కారుతుంది. ఆ భాగం వరకు ఆట న్యాయంగానే ఉంది.

మిగతాది కథే. ఆటలో మధ్య లోతు 50 నుంచి 130 మీటర్లు. సరదా డైవింగ్‌కి గరిష్ఠ లోతు 40 మీటర్లే అంటారు. 130 మీటర్ల దగ్గర ఒత్తిడి 14 వాతావరణాలు. అక్కడ మామూలు గాలి పీలిస్తే అందులోని ఆక్సిజనే విషమవుతుంది, నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. నిమిషానికి 280 లీటర్లు ఖర్చు, మన సిలిండర్ మొత్తం 8 నిమిషాలకి ఖాళీ. పైకి కూడా నిమిషానికి 9 మీటర్ల వేగం దాటకుండా రావాలంటారు. ఆ లెక్కన ఊరికే పైకి రావడానికే పద్నాలుగు నిమిషాలు దాటుతుంది, మధ్యలో ఆగాల్సిన చోట్లు వేరు. మన డేవ్ ఇవేవీ పట్టించుకోడు, సాయంత్రం హోటల్లో చెమటలు కక్కుతూ పరిగెత్తుతాడు. అందరికీ నచ్చేది అదే అనుకోండి.

బ్లూ హోల్ అన్నది నిజంగా ఉండే రకపు గుంటే. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం దగ్గర ఉన్న గ్రేట్ బ్లూ హోల్ దాదాపు 300 మీటర్ల వెడల్పు, 124 మీటర్ల లోతు. ఫ్రాన్స్‌కి చెందిన జాక్ కూస్టో 1971లో దాన్ని పరిశోధించాక ప్రపంచానికి బాగా తెలిసింది. కానీ అక్కడ సుమారు 90 మీటర్ల కింద హైడ్రోజన్ సల్ఫైడ్ పొర ఉంది, దాని కింద ఆక్సిజన్ లేదు. అంటే నిజమైన దాంట్లో అడుగుకి పోతే పెద్ద చేపలు కాదు, ఏ చేపా ఉండదు. ఆటవాళ్లు దాన్ని తిరగేసి, కిందికి పోయేకొద్దీ సరుకు పెరిగేలా పెట్టారు. పద్దుల మనిషిగా చెప్తున్నాను, లేకపోతే సూటు ఎవరూ కొనరు.

ప్రశ్న: పిన్నీ, మేము శాకాహారులం. మా పాప ఈ ఆట అడుగుతోంది. చేపలు చంపడం తప్ప ఇందులో ఏమీ లేదా?
– ఒక తల్లి, ఆస్టిన్, అమెరికా

జవాబు: ఉంది తల్లీ. ముందుకెళ్లాక ఓటో అనే ఆయన చూసుకునే తోట వస్తుంది, కూరగాయలు పండుతాయి, వరి వేస్తారు. నీటి అడుగున నాచు, సముద్ర ద్రాక్షలు కోసుకోవచ్చు. కానీ మొదటి పది గంటల్లో చేపలు తప్పవు, కథ చేపల మీదే నడుస్తుంది. రక్తం కనబడుతుంది, కొంచెమే. మా బావగారి కోడలికి చేప వాసన పడదు, ఈ ఆట మాత్రం రాత్రి రెండింటి దాకా ఆడుతుంది. మీ ఇంటి పద్ధతి మీకే తెలుసు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను ముగింపుకి దగ్గరగా వచ్చాను. ఐడైవర్‌లో అన్నీ పూర్తిగా పెంచేశాను. కానీ ఇప్పుడు చిన్న చేపల కోసం పై నీళ్లలో తిరగడం విసుగ్గా ఉంది. పట్టిన కొద్దీ సమయం వృథా. అలాగని అవి లేకపోతే వంటలు పెంచలేను.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: మీకు చేపల చెరువు ఉండి కూడా ఇలా అడిగారంటే దాన్ని తెరిచి చూడలేదని అర్థం. చేపలు పట్టేటప్పుడు అప్పుడప్పుడు గుడ్లు దొరుకుతాయి. చెరువులో వేస్తే అవి పెరుగుతాయి, సంఖ్య పెరుగుతుంది. రోజూ ఇన్ని అని తీసుకోవచ్చు. పై నీళ్ల చేపలు, మధ్య నీళ్ల చేపలు, అడుగు నీళ్ల చేపలకి వేర్వేరు తొట్లు. తొట్టి నిండితే కొత్తవి పుట్టవు, అందుకని నిండకముందే వాడేయాలి. మా గోదావరి జిల్లాల్లో చెరువు పెట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పెంచడం ఒక ఎత్తు, సమయానికి తీయడం ఇంకో ఎత్తు.

నేనయితే చెరువులో ఏ చేపలు పెట్టానంటే, రోజూ నాకు వంట పెంచడానికి అవసరమయ్యే రెండు రకాలు. అందమైనవీ అరుదైనవీ కాదు. చాలామంది తొట్టిలో ఖరీదైన చేప పెట్టి దాన్ని చూస్తూ మురిసిపోతారు. ఖరీదైనదాన్ని మీరు దూకి పట్టొచ్చు, ఆ సరదా చెరువుకి ఎందుకివ్వాలి? విసుగు పుట్టించేదాన్ని చెరువుకి ఇచ్చేయండి. అప్పుడు మీ రెండు దూకుళ్లూ కిందికే, డ్రోన్లూ కిందికే.

ఇంకొక మాట. అన్నీ పూర్తిగా పెంచాను అన్నారు. బాంచో వంటల పేజీలో చూడండి, పదో మెట్టుకి ఎన్ని వచ్చాయో. నా లెక్కన మీకు ఇంకా ఇరవై రాత్రులకి సరిపడా పని ఉంది.

ప్రశ్న: ఈ ఆటని 2023లో స్వతంత్ర ఆటల (పెద్ద కంపెనీల అండ లేకుండా చేసేవి) బహుమతికి పరిగణించారట, నెక్సాన్ అంత పెద్ద కంపెనీ గదా, ఇది మోసం కాదా?
– పేరు రాయలేదు, విజయవాడ

జవాబు: ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో స్వతంత్ర ఆటల విభాగంలో ఇది పోటీకి వచ్చిన మాట నిజం. చాలామందికి అది నచ్చలేదు, నాకూ కొంచెం వింతగానే అనిపించింది. మన పక్కన రెండు వందల గదుల హోటల్ యజమాని ఒక చిన్న టిఫిన్ సెంటర్ పెట్టి 'చిన్న వ్యాపారుల పోటీ'కి వస్తే ఎలా ఉంటుంది? ఇడ్లీ మాత్రం బాగుంటుంది. 2024లో బాఫ్టా (సినిమాలకీ ఆటలకీ బహుమతులిచ్చే బ్రిటన్ అకాడమీ) వాళ్లు ఆట రూపకల్పనకి ఇచ్చిన బహుమతి మాత్రం దీనికే వచ్చింది, దాంతో నాకు పేచీ లేదు.

ప్రశ్న: పిన్నిగారూ, పోయిన నెల మీరు చెప్పినట్టు చిట్టా రాశాను. పది దూకుళ్లలో ఆరు గాలి వల్లే ముగిశాయి, పెట్టె ఒక్కసారే నిండింది. మీ లెక్కకి తలకిందులు. నేను తప్పు చేస్తున్నానా?
– ఒక నర్సు, కర్నూలు

జవాబు: లేదమ్మా. నాది నీటి పైభాగంలో తిరిగే చేతకాని ఆట, నీది ధైర్యంగా కిందికి పోయే ఆట. నీ చిట్టా ప్రకారం గాలి సిలిండర్ పెంచు, పెట్టె జోలికి పోకు. ఒక్కటి మాత్రం చూసుకో: ఆ ఆరులో ఎన్నిసార్లు గాలి దానంతట అదే తగ్గింది, ఎన్నిసార్లు ఏదో కొరికి తగ్గింది? కొరికింది ఎక్కువైతే సిలిండర్ కాదు, హార్పూన్ పెంచాలి. ఆ కాలమ్ కూడా చేర్చి ఇంకో పది దూకుళ్లు రాసి పంపు.